మా బాపు తలలో మాసిక

మగ్గాలు శుక్రవారం ఆగేవి. భివండిలో పెరిగిన నాకు నిశ్శబ్దం అనగానే ఇప్పటికీ శుక్రవారమే గుర్తుకొస్తుంది. మిగతా రోజుల్లో నిజాంపురాలో మా సందంతా దడదడలాడుతూ ఉండేది. గోడకి తగిలించిన అద్దం కూడా వణికేది. జడ వేసుకోవాలంటే ఎవరో ఒకరు దాన్ని అదిమిపట్టుకోవాలి. నా ముక్కు పక్కన పుట్టుమచ్చ ఉందని నాకు తెలిసింది ఒక శుక్రవారం నాడే.

మా నాన్నని మేం బాపు అంటాం. కరీంనగర్ వైపు పల్లెలో గుంట భూమి కూడా లేక, పెళ్ళయిన కొత్తలోనే అమ్మని తీసుకుని ఇక్కడికి వచ్చి కూలికి సాంచాలు నడిపాడు. సాంచాలంటే మరమగ్గాలు. ఆ శబ్దం ఆయన చెవుల్ని కొద్దికొద్దిగా తినేసింది. షెడ్డులో ఎవరూ గొంతు పెట్టి మాట్లాడరు, పెట్టినా వినపడదు. పెదవులు కదుపుతారు, చేతులు ఊపుతారు. నాలుగు మగ్గాల అవతలివాడు "తిన్నవా?" అని పెదవులు కదిపితే బాపు ఇక్కడి నుంచి "పప్పు, తొక్కు" అని జవాబిచ్చేవాడు. ఇంటికి వచ్చాక కూడా ఆయన కళ్ళతోనే వినేవాడు. అందుకే మా ఇంట్లో అందరం ముఖంలోకి చూసి మాట్లాడటం నేర్చుకున్నాం. కరెంటు పోతే మాటలు కూడా పోయేవి. అమ్మకి ఆయన మీద కోపం వస్తే గోడవైపు తిరిగి కడుపారా తిట్టుకునేది. బాపు ఆ వీపును చూస్తూ ప్రశాంతంగా బువ్వ తినేవాడు. "ఏమంటున్నది మీ అమ్మ?" అని నన్ను అడిగితే, అమ్మ ఇటు తిరిగి, "గోడకు చెప్పుకుంటున్న, నీకేంది?" అనేది.

శుక్రవారం మధ్యాహ్నం మా సందు చివరి గదిలో వాదాలు జరిగేవి. తెలుగు కార్మికులు కలిసి కిరాయికి తీసుకున్న గది అది. ఒక అలమార నిండా పుస్తకాలు, నేల మీద చాపలు. ఊళ్ళో బడి ముఖం చూడక, ఇక్కడికి వచ్చాక అక్షరాలు దిద్దుకున్నవాళ్ళు అక్కడ కూర్చుని దయ్యాలున్నాయా అనీ, మొగుడు పోయిన ఆడది బొట్టెందుకు తీయాలనీ పొద్దుగూకేదాకా వాదించుకునేవారు. సగం మందికి చెవులు సరిగా లేవు కాబట్టి మాట్లాడేవాడు ముఖం మీద వెలుగు పడేలా వాకిలికి ఎదురుగా నిలబడాలి. అంతకంటే పెద్ద నియమం ఒకటుంది. ఎవరైనా సరే ముందు ఎదుటివాడి వాదం చెప్పాలి. దాన్ని పూర్వపక్షం అనేవారు. ఎదుటివాడు విని "అవును, నా మాట ఇదే" అని ఒప్పుకున్నాకే సొంత వాదం మొదలుపెట్టాలి. ఎదుటివాడి మాటని వంకర చేసి గెలిచినవాణ్ణి ఆ గదిలో ఎవరూ మెచ్చుకునేవారు కాదు.

నేను హైస్కూల్లో ఉండగా, దసరాకి మగ్గాలకి పసుపు కుంకుమలు పెట్టడం మీద వాదం వచ్చింది. వద్దని చెప్పడానికి నేను నిలబడ్డాను. ముందు పూర్వపక్షం చెప్పాలి కదా. "మనల్ని సాదే మగ్గానికి ఏడాదిల ఒక్కరోజు దండం పెడితే తప్పేంది? ఇది ఆగితే మన పిల్లల నోట్లకు బువ్వ ఏడికెల్లి వస్తది?" అని మొదలుపెట్టి, నాకు తెలియకుండానే ఊగిపోయాను. వెనక కూర్చున్న ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. అది ముగించి "ఇప్పుడు నా వాదం" అనేసరికి గదిలో సగం మంది చాయ్‌కి లేచారు. బాపు ఒక్కడే నా పెదవులకేసి చూస్తూ చివరిదాకా కూర్చున్నాడు. ఇంటికి వస్తుంటే, "గెలిచినవ్ బిడ్డా. ఏ పక్కకెల్లి గెలిచినవో అదే తెల్వదు" అన్నాడు.

ఇప్పుడు ఆ గది ఎవరిదో గోదాం. మా సందులో మగ్గాలు ఒక్కొక్కటే పాత ఇనుము కింద వెళ్ళిపోయాయి. శుక్రవారం కాకపోయినా అద్దం కదలదు. ఈ నిశ్శబ్దం నాకు అలవాటు కాలేదు.

నేను పనిచేసేది ఠాణే అవతల ఒక ప్రయోగశాలలో. మనిషి ఒంట్లో పెట్టే వస్తువులు ఒంటికి హాని చేస్తాయా అని పరీక్షించే చోటు అది. నా బల్ల మీదకి ఎక్కువగా వచ్చేవి మెదడు ఆపరేషన్లలో వాడేవి: పుర్రెలో ఖాళీని మూసే పలకలు, మెదడులో చేరిన నీరు దిగడానికి పెట్టే సన్నటి గొట్టాలు, మెదడు మీది పొరకి వేసే మాసికలు. పుర్రెకీ మెదడుకీ మధ్య పలుచటి తోలులాంటి పొర ఉంటుంది. దాని లోపల మెదడు నీళ్ళలో తేలుతూ ఉంటుంది. ఆపరేషన్‌లో ఆ పొరని కొంత కోసి తీసేయాల్సి వస్తే ఆ చోటు మూయాలి. లేకపోతే నీరు కారుతుంది, క్రిములు లోపలికి పోతాయి. చినిగిన బట్టకి మాసిక వేసినట్టే. ఆ మాట నాది కాదు, నా పని గురించి మొదటిసారి విన్నప్పుడు బాపు అన్నది. అప్పటి నుంచి మా ఇంట్లో దాని పేరు మాసికే.

మాసిక వస్తే ముందు దాని ముక్కని ఒంటి వేడి ఉన్న ద్రవంలో నానబెడతాం. ఆ ద్రవాన్ని గాజు పాత్రలో పెరుగుతున్న కణాల మీద పోసి, అవి బతుకుతాయో చస్తాయో చూస్తాం. పక్కనే వేరే పదార్థాల ముక్కలు రెండిటికీ అదే పరీక్ష చేస్తాం. ఒకటి కణాలని తప్పకుండా చంపేది, ఇంకొకటి ఏమీ చేయనిది. చంపాల్సింది చంపకపోతే ఆ రోజు పరీక్ష చెల్లదు. ఫలితం ఎంత ముచ్చటగా ఉన్నా పారేయాల్సిందే.

ఇది అమ్మకి వివరిస్తే, "కొత్త బట్టకు మూల మీద పసుపు పెట్టి కట్టుకుంటం గదా, గట్లనేనా?" అంది.

"నీ పసుపు ఇన్నేండ్లల్ల ఒక్క బట్టనన్న వద్దన్నదా అమ్మా?"

"ఎందుకంటది? దానికి నీ లెక్క నోరున్నదా?"

బాపు పగలబడి నవ్వాడు. నేను నవ్వలేదు. సంప్రదాయంలో కూడా ఏదో శాస్త్రం ఉందని చెప్పే మెత్తటి మనుషులు ఈ మధ్య ఎక్కువయ్యారు. అమ్మ పసుపూ నా పరీక్షా ఒకటేనని వాళ్ళు తీయగా రాస్తారు. ఒకటి కాదు. అమ్మ పసుపు మీద నాకు ప్రేమ ఉంది, ఆ వాసన వస్తే నాకు కొత్త గౌను గుర్తుకొస్తుంది. కానీ "కాదు" అని చెప్పలేనిది పరీక్ష కాదు. ఎన్నడూ కాదనని దాని అవునుకి విలువ లేదు. ఇది నేను వ్యాసాల్లో రాశాను, సభల్లో అరిచాను, పెళ్ళిళ్ళలో చుట్టాలతో కొట్లాడాను. అది మా ఇంటి మీదికే వస్తుందని అనుకోలేదు.

రెండేళ్ళ కిందట బాపు మాటలు తప్పు వినడం మొదలుపెట్టాడు. అంటే తప్పు చూడటం. చాయ్ తెమ్మంటే చెప్పులు తెచ్చేవాడు. "ముసలోనికి చెవుడు ముదిరింది" అంది అమ్మ. అద్దాలు మార్చాం. మళ్ళీ మార్చాం. వాకిట్లో ఎడమ వైపు నుంచి వచ్చే మనుషులకి తగులుతుంటే పరధ్యానం అనుకున్నాం. చివరికి ఒక కంటి డాక్టరు ఆయన కుడి కన్ను మూసి గోడ మీద అక్షరాలు చదవమంటే, "ఏ గోడ?" అన్నాడు. తల లోపల ఫోటోలు తీశారు. చూపు నరాల కింద గడ్డ. కేన్సర్ కాదు, నెమ్మదిగా పెరిగేది, నరాలని కింది నుంచి నెడుతోంది. తీయకపోతే రెండు కళ్ళూ పోతాయి.

వేరే మనిషికి చూపు పోతే చీకటి మిగులుతుంది, మాట మిగులుతుంది. మా బాపుకి చూపు పోతే మేం ఎవరం మిగలం. ఆ రాకాసి సాంచాల మధ్య తోటివాళ్ళతో పాటు ఆయన సంపాదించుకున్న భాష మొత్తం ఆ కళ్ళలోనే ఉంది.

భివండి రోడ్ స్టేషన్లో రైలు కోసం కాచుకునే ఓపిక లేక, ఆటోలో కళ్యాణ్ పోయి అక్కణ్ణుంచి లోకల్‌లో ముంబై వెళ్ళాం. మెదడు డాక్టరు మాస్కు పెట్టుకుని చాలాసేపు వివరించాడు. బాపు విని, అంటే చూసి, నావైపు తిరిగాడు. "మూతి కట్టుకున్నోని మాట నాకెట్ల వినపడాలె?"

నేను హిందీలో చెబితే డాక్టరు నవ్వి, మాస్కు తీసి, కిటికీ దగ్గరికి వచ్చి నిలబడి మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. గడ్డ ఆ పొరకి అంటుకుని ఉంది. గడ్డతో పాటు పొరని కొంత తీయాలి. ఆ చోట మాసిక వేయాలి. తొడ మీది పొర తీసి వేయొచ్చు, లేదా తయారుగా దొరికేది వేయొచ్చు. షుగరున్న మనిషి, తొడ మీద ఇంకో గాయం ఎందుకు, తయారుగా ఉన్నదే మేలని ఆయన ఉద్దేశం. ఆలోచించుకుని రమ్మన్నాడు.

ఇంటికి వచ్చాక బాపు ఒకే మాట అన్నాడు. "ఉన్న చూపు చాలు. తల కోయించుకోను."

మర్నాడు పొద్దున ఆయన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి, వెలుగు నా ముఖం మీద పడేలా ఎదురుగా కూర్చున్నాను. కుడి కన్నుకి అందేలా కొంచెం పక్కకి జరిగాను. అమ్మ కంది పప్పులో రాళ్ళేరుతూ మా మధ్యలోనే కూర్చుంది.

"ఏం కాదు బాపూ" అని మొదలుపెట్టాను.

ఆయన చెయ్యెత్తాడు. "ఆగు. ఏం కాదన్నది పరీక్ష చెప్పిందా, నీ నోటికొచ్చిందా?"

బాబాలు అమ్మేదీ, తాయెత్తులు కట్టేవాళ్ళు అమ్మేదీ అదే కదా. ఈ దేశంలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయే సరుకు "ఏం కాదు". ముప్పై ఏళ్ళు దాని మీద కత్తి దూసిన నేను, మా బాపు తల దగ్గరికి వచ్చేసరికి అదే సరుకు పట్టుకొచ్చాను.

"పూర్వపక్షం చెప్పు" అన్నాడు. "ఆ మాసికకు ఎదురు పక్కన నిలబడి చెప్పు. మంచిగ చెప్పు, దసరానాడు చెప్పినట్టు."

"ఇదేం పంచాయితీ?" అంది అమ్మ. "మనిషి పానం మీదికొస్తే వాదాలు పెట్టుకున్నరు. జర ధైర్నం చెప్పవే!"

"నువ్వుండు" అన్నాడు బాపు. "చెప్పు బిడ్డా. దేనితోటి చేస్తరు?"

"ఎద్దు గుండె చుట్టూ ఒక పొర ఉంటది. దాన్ని కడిగి కడిగి, అండ్ల జీవం లేకుండ చేసి, పీచు ఒక్కటే మిగిలిస్తరు."

"శివ శివా!" అంది అమ్మ.

"డప్పు ఏ తోలుతోటి కడ్తరు?" అన్నాడు బాపు ఆమెతో. "కానియ్."

చెప్పాను. ఆ పొర గట్టిపడటానికి మందులో ఊరవేస్తారు. మందు సరిగా కడగకపోతే అది ఒంట్లోకి ఊరుతుంది. ఒకసారి అట్లాంటి సరుకు నా బల్ల మీదికే వచ్చింది. నానబెట్టిన ద్రవం తగలగానే కణాలు ముడుచుకుని, గుండ్రంగా అయి, పాత్ర అడుగు వదిలి తేలిపోయాయి. సరుకు వెనక్కి పోయింది. మందు లేకపోయినా, పరాయి పీచుని చూసి ఒళ్ళు తిరగబడొచ్చు, వాపు రావొచ్చు. కుట్టు దగ్గర నీరు కారొచ్చు. చీము పట్టొచ్చు. అప్పుడు మళ్ళీ తెరిచి తీసేయాలి. ఒక్కొక్కటీ చెబుతుంటే నా గొంతు ఆరిపోయింది. ఆయన నా గొంతు వినడు కాబట్టి అది తెలియలేదు. పెదవులు వణకకుండా చూసుకున్నాను.

"నాకు పెట్టే ముక్కను నువ్వు పరీక్ష చేస్తవా?"

"చెయ్యలేను. పరీక్ష చేసిన ముక్క ఇగ మనిషికి పనికిరాదు. దానితోపాటు తయారైన వేరే ముక్కలను చూస్తం."

"బట్ట థాన్లకెల్లి ఒక మూల కోసి చూసినట్టు. మిగిలిన థాన్ల పోగు తెగి ఉంటే?"

"ఉండొచ్చు. అది మాకు తెల్వదు."

"కణాలు సరే. ఇంకెవరి మీద చూసిన్రు?"

"కుందేళ్ళ మీద. కొన్ని వారాలు ఉంచి, చంపి, మెదడు కోసి చూసినం."

అమ్మ చేతిలో చేట ఆగింది. "పాపం" అంది. నేను కాదనలేదు. అది నాకు ఇప్పటికీ బాధే. కానీ దాన్ని దాచి శాస్త్రం గొప్పదని చెబితే, గర్భగుడి తలుపు మూసి లోపల మహిమ ఉందని చెప్పేవాడికీ నాకూ తేడా లేదు.

"అయిపోయిందా?" అన్నాడు బాపు.

"అయిపోయింది. నువ్వు అనుకునేది ఇదేనా?"

"నేను ఇంత అనుకోలే. నాకన్నా నువ్వే మంచిగ భయపెట్టినవ్" అన్నాడు. "అవును, నా మాట ఇదే."

"అయితే ఇప్పుడు నా మాట నువ్వు చెప్పాలె. నియమం నీక్కూడా ఉంటది."

ఆయన అందుకున్నాడు. "నీ మాట గిది. ఆ పీచు మగ్గం మీది పడుగు లెక్క. నా ఒళ్ళు దాని మీద పేక నేస్తది. నేసినకొద్ది ఆ పాతది కరిగి పోతది, నాదే మిగుల్తది. చెడిపోయేటియి కొన్ని ఉంటయ్, కానీ శానా మందికి చెడిపోలే, అది మీరు చూసిన్రు. నా తొడ పొర పెడితే ఈ బాధ లేదు గని షుగరుకు ఆ గాయం మానదు. ఏం పెట్టకపోతే..." ఆగాడు. "ఏం పెట్టకపోతే, ఏడాదికో రెండేండ్లకో మీరు నా ముంగట నిలబడి ఏం మాట్లాడుతున్నరో నాకు తెల్వదు."

"అవును" అన్నాను. "నా మాట అదే."

"మరి ఎవలు గెలిచిన్రు?" అంది అమ్మ.

అమ్మకి కోపం వచ్చింది. నావైపు తిరిగింది. "బిడ్డవా, వైరివా? చీము అంటవు, నెత్తురంటవు. నీ నోట్ల ఒక్క మంచి మాట రాదా?" ఆమె కళ్ళనిండా నీళ్ళు. ఆమెకి కావలసింది ఆ రెండు మాటలే, ఏం కాదు అని. నేను ఆమె పక్కకి జరిగి చేటలో పప్పు ఏరడం మొదలుపెట్టాను. ఆ మాట మాత్రం చెప్పలేదు.

బాపు మధ్యాహ్నం అన్నం తిని, చెయ్యి కడుక్కుంటూ అన్నాడు. "డాక్టరుకు ఫోన్ చెయ్యి. తయారున్నదే వెయ్యమను."

ఆపరేషన్ రోజు పొద్దున ఆస్పత్రివాళ్ళు ఆకుపచ్చ గౌను ఇచ్చారు. నేను బయటికి పోయి వచ్చేలోగా అమ్మ దాని మూల మీద పసుపు బొట్టు పెట్టేసింది. నర్సు చూసి, "కాకూ, హే కాయ్?" అని, ఇదేంటని మరాఠీలో కసిరింది. "హల్దీ హై బేటా, నయా కపడా హై నా" అంది అమ్మ తన భివండి హిందీలో. నర్సుకి నవ్వాగలేదు. కొత్తదెక్కడిదమ్మా, ఉతికి ఉతికి రంగు పోయిన బట్ట అంటూ ఆ గౌను తీసేసి ఇంకోటి ఇచ్చింది. పసుపు పెట్టిన గౌనుని అమ్మ మడతపెట్టి తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సాయంత్రం దాకా ఎవరూ దాన్ని అడగలేదు. లోపల పొట్లం మీద పొట్లంలో ఉన్న మాసికకి ఆ పసుపు అంటదు. అంతవరకు నాకు చాలు.

గడ్డ తీశారు. మాసిక పట్టింది. కొన్నాళ్ళు నుదుటి పైన చర్మం కింద నీరు చేరి బుడగలా ఉబ్బితే, నేను పగలంతా దాన్నే చూస్తూ కూర్చున్నాను. పట్టీ బిగించి కట్టారు, అది మెల్లగా తగ్గింది. కుడి కన్ను బాగా తేరుకుంది. ఎడమ కన్ను తేరుకోలేదు. వెలుగు, నీడ, అంతే. నరం మరీ ఎక్కువ కాలం నలిగిపోయిందని డాక్టరు చెప్పాడు, ఈసారి అడగకముందే మాస్కు తీసి.

"అయితే ముందే వస్తే అది కూడ దక్కునా?" అని అడిగాడు బాపు.

"దక్కేదేమో" అన్నాడు డాక్టరు.

బాపుని పట్టుకున్నది ఆ మాటే. ఒక కన్ను చస్తుంటే ఇంకో కన్ను దాని పని కూడా చేసుకుంటూ పోయింది, మనిషికి తెలియనివ్వలేదు. రెండు కళ్ళూ తెరిచి చూసినంతకాలం ఎవరికీ తెలియదు. ఇది ఆయనకి పెద్ద మోసంలా కనిపించింది. ఊరందరికీ చెప్పాలనుకున్నాడు.

ఇప్పుడు సాయంత్రాలు వరాలా తలావ్ అనే చెరువు గట్టు మీద ఒక బెంచీ ఆయనది. ఎదురుగా రోడ్డుకి అవతల మందుల దుకాణం బోర్డు. గాలికి తిరిగేవాళ్ళని పిలిచి, "ఒక కన్ను మూయి, ఆ బోర్డు చదువు. ఇప్పుడు ఇంకోటి మూయి" అంటాడు. తెలుగువాళ్ళకి తెలుగులో, మిగతావాళ్ళకి హిందీలో. చదవలేని వాళ్ళని అక్షరాలు లెక్కపెట్టమంటాడు. మొదట్లో పిచ్చి ముసలాయన అనుకున్నారు. పాత షెడ్డులో ఆయనతో పనిచేసిన ఒకతను రెండో కన్ను మూసి, బోర్డు ఎక్కడుందని వెతుక్కున్నాడట. మర్నాడు అతన్ని బాపే డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. మోతిబిందు, అంటే కంట్లో శుక్లం, చిన్న ఆపరేషన్‌తో పోయింది.

అప్పటి నుంచి చెరువు చుట్టూ తిరిగేవాళ్ళు ఆ బెంచీ దగ్గరికి రాగానే, ఆయన పిలవకముందే, నవ్వుతూ ఒక కన్ను మూసుకుంటారు.